దేశంలో రాజకీయంగా అత్యంత ఉదారమైన ప్రాంతం ఏది? ఓట్ల లెక్కతో తేలే విషయమేనా?

కాజీపేట పాఠకుడు | ఆదివారం, ఉదయం 7:40

నిన్న సాయంత్రం హన్మకొండ పబ్లిక్ గార్డెన్‌లో నడక ముగించుకొని కూర్చున్నప్పుడు మా మిత్రుల మధ్య మొదలైన ఒక వాదం చీకటి పడేదాకా తెగలేదు. మన దేశంలో రాజకీయంగా అత్యంత ఉదారమైన ప్రాంతం ఏదని అడిగితే, రాష్ట్రం పేరుతో సరిపెట్టకుండా ఒక జిల్లానో, నియోజకవర్గాన్నో, పట్టణాన్నో వేలు పెట్టి చూపించగలమా అన్నది ఆ వాదం. 1989లోనే సంపూర్ణ అక్షరాస్యత సాధించిన పట్టణం కాబట్టి కొట్టాయం అని ఒకరు అన్నారు, దక్షిణ ముంబై అని ఇంకొకరు అన్నారు. నేను మాత్రం పాత వరంగల్ జిల్లా పేరు చెప్పాను.

ఉదారం అన్న మాట మన వాడుకలో దానధర్మాలను గుర్తుకు తెస్తుంది కనుక, ఇక్కడ దానిని ఏ అర్థంలో వాడుతున్నానో ముందే చెబుతాను. తనకు నచ్చని బతుకు బతికే మనిషిని చట్టంతోనో, ఓటుతోనో, కట్టుబాటుతోనో అడ్డుకోకుండా ఉండగలగడమే ఉదారత అని నా ఉద్దేశం. కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన చోటు ఇదే, విసునూరు దొరకు ఎదురు నిలిచి పండించిన గింజను ఇంటికి తెచ్చుకున్న చాకలి ఐలమ్మ పాలకుర్తి ఇదే, ఒకప్పుడు అడవిలో దళంతో తిరిగిన ఆదివాసీ మహిళను శాసనసభకు పంపి మంత్రిగా చూసుకున్న ములుగు కూడా ఇక్కడిదే. ఇంతకంటే ప్రగతిశీలమైన నేల దేశంలో ఎక్కడుందో చెప్పండి.

జగిత్యాల వకీలు | ఆదివారం, ఉదయం 9:15

పాఠకుడు గారి అభిమానం అర్థమవుతున్నది కానీ, ముందుగా ఒక చిన్న సవరణ. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది. కాబట్టి కడవెండిని, పాలకుర్తిని చూపి పాత వరంగల్‌కు కిరీటం పెడితే నల్లగొండ వాళ్లు ఊరుకోరు.

అసలు అభ్యంతరం వేరే ఉన్నది. ఓటును కొలబద్దగా తీసుకుంటే మన ప్రాంతం గురించి రెండు పూర్తి విరుద్ధమైన కథలు చెప్పవచ్చు. 1952లో వరంగల్ లోక్‌సభ స్థానం నుంచి కమ్యూనిస్టుల వేదిక అయిన పీడీఎఫ్ తరఫున పెండ్యాల రాఘవరావు గెలిచారు, పక్కనే నల్లగొండలో రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు పడ్డాయి. సరిగ్గా 32 ఏళ్ల తరువాత, 1984లో, దేశం మొత్తం మీద భారతీయ జనతా పార్టీ గెలిచిన రెండే రెండు స్థానాలలో ఒకటి గుజరాత్‌లోని మెహసానా అయితే రెండవది మన హన్మకొండ. ఇక్కడ చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడినది సాక్షాత్తు పి.వి. నరసింహారావు. ఈ రెండు ఫలితాల నడుమ ఇక్కడి మనుషుల గుండెలు ఎడమ నుంచి కుడికి మారిపోయాయని ఎవరైనా అంటే నేను నమ్మను. మొదటి దానిలో దొరల మీద కోపం ఉన్నది, రెండవ దానిలో ఎన్టీఆర్‌ను గద్దె దింపినందుకు కాంగ్రెస్ మీద వచ్చిన కోపం ఉన్నది. ఓటు కోపాన్ని కొలుస్తుంది, పొత్తులను కొలుస్తుంది, అభ్యర్థి కులాన్ని కూడా కొలుస్తుంది. పక్కింటి వాడి బతుకు పట్ల మనకు ఎంత ఓర్పు ఉన్నదో చెప్పే గడి బ్యాలెట్ పత్రంలో ఎన్నడూ లేదు.

గోదావరిఖని పాత కార్మికుడు | ఆదివారం, ఉదయం 11:02

సింగరేణిలో 31 ఏళ్లు పనిచేసి దిగిన వాడిని. వకీలు సాబ్ చెప్పిన దానిలో సగం నిజమే కానీ, ఓర్పు అన్నది గాలిలో నుంచి ఊడిపడదన్న సంగతి మరిచిపోయారు. వెట్టి చేసే మనిషికి దొర గడీ ముందు చెప్పులు వేసుకొని నడిచే హక్కు లేనప్పుడు ఆ ఊరిలో ఉదారత గురించి మాట్లాడటానికి ఏముంటుంది? ఆ చెప్పుల హక్కు సంఘం పెట్టినందు వల్ల వచ్చింది, ఎర్రజెండా వల్ల వచ్చింది. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతు కూలీల జైత్రయాత్ర జరిగిన తరువాతనే చుట్టుపక్కల ఎన్నో ఊర్లలో పాలేర్లు దొరను పేరు పెట్టి పిలవగలిగారు.

మా బొగ్గు బాయిలో దిగే బ్యాచీలో అన్ని కులాల వాళ్లు ఒకే టిఫిన్ నుంచి తిన్నారు, ఎందుకంటే పైకప్పు కూలినప్పుడు మట్టి తీసే చేయి ఎవరిదని ఎవరూ అడగరు. నా లెక్కలో కార్మిక వాడలే ఉదారమైన ప్రాంతాలు. వాటికి వేరే కొలబద్ద అక్కర లేదు.

హన్మకొండ అధ్యాపకురాలు | ఆదివారం, మధ్యాహ్నం 3:30

రాజనీతిశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసిన దానిని కనుక కొంచెం పొడుగ్గానే రాస్తాను, మన్నించండి.

పాత కార్మికుడు గారు చెప్పిన చెప్పుల హక్కును నేను తక్కువ చేయను. అయితే ఒక ప్రాంతం వామపక్షానిది కావడం వేరు, ఉదారమైనది కావడం వేరు. ఈ రెండూ కొన్నిసార్లు కలిసి నడుస్తాయి, కొన్నిసార్లు ఒకదాని గొంతు ఒకటి నొక్కుతాయి. దీనికి దూరం పోనక్కర లేదు. ఎనభైలలో, తొంభైలలో మన పల్లెలలో పగలు పోలీసులు, రాత్రి అన్నలు (నక్సలైట్లు) అన్నట్టుగా గడిచింది. ఒకరికి అన్నం పెట్టినందుకు ఒకరు కొట్టారు, ఒకరితో మాట్లాడినందుకు ఇంకొకరు ఇన్ఫార్మర్ అన్నారు. ఆ రోజుల్లో ఇద్దరికీ కాదని చెప్పి బతికే జాగా ఎంత ఉండేదో ఇక్కడ నలభై దాటిన ప్రతి ఒక్కరికీ తెలుసు.

నిజానికి మన ఊరి ఉదారతకు సాక్ష్యం కావాలంటే నేను ఎన్నికల ఫలితాలను కాక, ఆ జాగాను వెడల్పు చేయడానికి ప్రయత్నించిన మనుషులను చూపిస్తాను. కాళోజీ నారాయణరావు అత్యవసర పరిస్థితి తరువాత ఎన్‌కౌంటర్లపై విచారణ జరిపిన తార్కుండే కమిటీలో సభ్యులుగా ఉన్నారు, 1978లో నాటి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు మీద సత్తుపల్లిలో పోటీ చేసి ఓడిపోయారు. పిల్లల వైద్యులు, పౌరహక్కుల సంఘం నాయకులు డాక్టర్ రామనాథం 1985 సెప్టెంబరు 3న ఇదే హన్మకొండలో కాల్చివేతకు గురయ్యారు. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం బోధించిన బాలగోపాల్ ఆ సంఘానికి ఏళ్ల తరబడి కార్యదర్శిగా ఉండి, రాజ్యం చేసే హింసను ఎదిరించినంత గట్టిగా విప్లవకారుల హింసను కూడా ప్రశ్నించాలన్న పట్టుదలతోనే చివరకు బయటికి వచ్చారు, 1998లో మానవ హక్కుల వేదిక ఏర్పాటులో ముఖ్యులయ్యారు. హక్కు ఎవరిది పోయినా హక్కే పోయిందని చెప్పడం అన్నది, నాకు తెలిసినంతలో, ఉదారవాదానికి అతి దగ్గరి మాట. కానీ ఆ మాట చెప్పిన వారికి ఓట్లు పడలేదు. కాళోజీ ఓడిపోయిన సంగతి పైన రాశాను.

కేరళ గురించి కూడా ఇదే జాగ్రత్త కావాలి. 1957లో ఎన్నికల ద్వారా కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని తెచ్చుకున్న రాష్ట్రం అది. కానీ కన్నూరు జిల్లాలో పార్టీ గ్రామాలని పిలిచే ఊర్లున్నాయి. అక్కడ ఇంకొక జెండా కట్టడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే అయిన సందర్భాలు ఎన్నో. శబరిమలలో అన్ని వయసుల స్త్రీలకు ప్రవేశం ఉండాలని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 28న తీర్పు ఇస్తే, దానికి అండగా 2019 జనవరి 1న లక్షల మంది స్త్రీలు రాష్ట్రం పొడుగునా 620 కిలోమీటర్ల గోడగా నిలబడ్డారు. అదే ఏడాది లోక్‌సభ ఎన్నికలలో ఆ గోడను నిలబెట్టిన వామపక్ష కూటమికి 20 స్థానాలలో దక్కినది అలప్పుళ ఒక్కటే. రాహుల్ గాంధీ వయనాడ్ నుంచి నిలబడటం వంటి కారణాలు కూడా పనిచేశాయి కనుక శబరిమల ఒక్కటే ఓడించిందని నేను అనను. కానీ ఆ గోడలో నిలబడిన చేతులే నాలుగు నెలలు తిరగకముందే ఏ గుర్తు మీద నొక్కాయో ఎవరికి వారు ఊహించుకోవచ్చు.

మెట్‌పల్లి కోడలు | ఆదివారం, రాత్రి 8:20

మేడం గారు అన్నల కాలం గురించి రాశారు, నేను ఇప్పటి కాలం గురించి రాస్తాను. జగిత్యాల, నిజామాబాద్, నిర్మల్ వైపు ఊరూరా గ్రామాభివృద్ధి కమిటీలు ఉంటాయి. అందరూ వీడీసీ అంటారు. చట్టంలో దానికి చోటు లేదు, ఊరిలో దాని మాటకు తిరుగు లేదు. బెల్టు షాపు వేలం, ఇసుక, చెరువు చేపలు, గుడి పైసలు, తగువులు, జరిమానాలు అన్నీ దాని చేతిలోనే ఉంటాయి. సర్పంచ్ పదవులలో సగం ఆడవాళ్లకని చట్టం చెబుతుంది కానీ, మా అత్తగారి ఊరి వీడీసీలో నేను కాపురానికి వచ్చిన 17 ఏళ్లలో ఒక్క ఆడమనిషి కూర్చున్నది లేదు.

మా వాడలో ఒక కుటుంబం జరిమానా కట్టమని ఎదురు తిరిగితే, వాళ్లతో మాట్లాడిన వారికి కూడా జరిమానా అని డప్పు కొట్టించారు. కిరాణా దుకాణంలో ఉప్పు కూడా ఇవ్వలేదు. మంగలి, చాకలి, ఆటో, పాలు అన్నీ బంద్. ఆ ఇంటి పిల్లతో మా బిడ్డ బడిలో ఒకే బెంచీ మీద కూర్చునేది. నేను దానిని వేరే బెంచీకి మారమని చెప్పాను. అది రాయడానికి ఇప్పటికీ చేయి ఆడదు. ఆ ఊరు పేదది కాదు, పసుపు పండే ఊరు, ఇంటికొకరు దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉన్న ఊరు. లోకం చూసి వచ్చిన వాళ్లే వీడీసీలో కూడా కూర్చుంటారు. ఇక్కడ ఏ పార్టీకి ఎన్ని ఓట్లు పడ్డాయో లెక్క తీసి మా ఊరు ఉదారమైనదో కాదో చెప్పగలిగితే చెప్పండి. అన్ని పార్టీల వాళ్లూ ఆ అరుగు మీదనే ఉన్నారు.

జగిత్యాల వకీలు | ఆదివారం, రాత్రి 9:05

చెల్లెమ్మ చెప్పిన రకం కేసులు నేను చూస్తూనే ఉన్నాను. సాంఘిక బహిష్కరణను ప్రత్యేకంగా నేరంగా ప్రకటించే చట్టాన్ని మహారాష్ట్ర 2016లో చేసింది, 2017 నుంచి అది అమలులో ఉన్నది. గోదావరి దాటితే ఒక చట్టం, ఇవతల ఇంకొకటి. ఇక్కడ బాధితులు దళితులో గిరిజనులో అయితే అట్రాసిటీ చట్టం ఉన్నది. వెనుకబడిన కులాల వారి మీద బహిష్కరణ పడితే మామూలు సెక్షన్ల కింద బెదిరింపు, అడ్డగింత అని రాసుకోవలసి వస్తుంది; ఊరంతా మౌనంగా ఉండటాన్ని ఏ సెక్షన్ కింద పెడతాం?

ఓరుగల్లు నుంచి మాడిసన్ | సోమవారం, తెల్లవారుజాము 4:50

మాది దేశాయిపేట, ఉండేది అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో. ఇక్కడ ఈ ప్రశ్నకు మనకంటే కొంచెం మెరుగైన కొలబద్ద ఉంటుంది. ఎందుకంటే చాలా రాష్ట్రాలలో పార్టీలకు వేసే ఓటుతో పాటు ఒక్కొక్క అంశం మీద కూడా ప్రజలు నేరుగా ఓటు వేస్తారు, ఆ ఫలితం కౌంటీల (మన జిల్లాల వంటివి) వారీగా దొరుకుతుంది. 2006లో స్వలింగ వివాహాలను రాజ్యాంగపరంగా నిషేధించాలా అని విస్కాన్సిన్‌లో అడిగితే, 72 కౌంటీలలో వద్దన్నది మేముండే డేన్ కౌంటీ ఒక్కటే. అటువంటి చోటును ఉదారమైనదని ఆధారంతో చెప్పవచ్చు.

పార్టీ ఓటుతో కొలిస్తే ఇక్కడ కూడా తప్పుతుంది. మేరీల్యాండ్‌లో నల్లజాతి మధ్యతరగతి ఎక్కువగా ఉండే ప్రిన్స్ జార్జెస్ కౌంటీలో 2012లో ఒబామాకు నూటికి సుమారు 90 ఓట్లు పడ్డాయి. అదే రోజు, అదే బ్యాలెట్ మీద స్వలింగ వివాహాల చట్టానికి రాష్ట్రం అవునంటే ఆ కౌంటీ స్వల్ప తేడాతో కాదన్నది. వాళ్లు డెమోక్రాట్లు, ఆదివారం చర్చికి పోయే వాళ్లు కూడా, రెండూ నిజమే. టెక్సాస్ సరిహద్దులోని స్టార్ కౌంటీ 2012లో ఒబామాకు 86 శాతం ఓట్లు వేసి, 2024లో ట్రంప్‌ను గెలిపించింది. 1892 తరువాత అక్కడ రిపబ్లికన్ గెలవడం అదే మొదలు. పన్నెండేళ్లలో ఒక కౌంటీ స్వభావమే తలకిందులైందని అనుకోలేం కనుక, మొదటి నుంచీ మనం కొలిచినది స్వభావాన్ని కాదని అనుకోవడమే న్యాయం.

మరొక సంగతి మనవాళ్లకు సంబంధించినది. అమెరికాలో ఉదారతకు మారుపేరైన బర్క్‌లీ పట్టణమే 1916లో, ఒక స్థలంలో ఒకే కుటుంబం ఉండే ఇల్లు తప్ప వేరేది కట్టరాదన్న నిబంధనకు బాట వేసింది. మాటల్లో చెప్పకుండానే పేదలను, నల్లవారిని, ఆసియా వారిని ఆ వీధులకు దూరంగా ఉంచే ఉపాయం అది. దానిని తీసేయాలని పట్టణ మండలి తీర్మానించడానికి 2021 దాకా పట్టింది. కుల వివక్షను నిషేధించిన మొదటి అమెరికా నగరంగా సియాటిల్ 2023 ఫిబ్రవరిలో నిలిచింది; అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన అటువంటి బిల్లును గవర్నర్ వెనక్కు పంపారు. ఆ బిల్లును వ్యతిరేకించిన వారిలో మన భారతీయులు ఎందరున్నారో ఇక్కడి తెలుగు వాట్సాప్ గ్రూపులలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. వారిలో చాలా మంది అక్కడి ఎన్నికలలో డెమోక్రాట్లకే ఓటు వేస్తారు.

హుస్నాబాద్ కుర్రవాడు | సోమవారం, ఉదయం 10:30

పెద్దలందరూ పల్లెల గురించి మాట్లాడుతున్నారు. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. ఎవరితో ఉంటున్నావని అడిగే వారు లేని చోటు పెద్ద నగరమే కదా? నగరాలే ఉదారమైనవని ఒప్పుకోవడానికి ఇంత చర్చ అవసరమా?

హన్మకొండ అధ్యాపకురాలు | సోమవారం, ఉదయం 11:45

నాయనా, నగరంలో అడగని మాట నిజమే. కానీ అడగకపోవడంలో పట్టించుకోకపోవడం ఎంత, ఒప్పుకోవడం ఎంత అన్నది ఆలోచించు. 2017లో కొచ్చి మెట్రో ట్రాన్స్‌జెండర్ మహిళలకు ఉద్యోగాలిస్తే దేశమంతా మెచ్చుకున్నది. కొద్ది వారాలలోనే వారిలో కొందరు ఉద్యోగం మానుకున్నారు. కారణం, ఆ నగరంలో వారికి ఇల్లు అద్దెకు ఇచ్చే వారు దొరకలేదు. సంస్థ ఉదారంగానే ఉన్నది, ఇంటి యజమానులు లేరు. దీనికి ఎదురుగా, 2000లో మధ్యప్రదేశ్‌లోని సొహాగ్‌పూర్ అనే మారుమూల నియోజకవర్గం షబ్నం మౌసిని శాసనసభకు పంపింది, దేశంలో తొలి ట్రాన్స్‌జెండర్ ఎమ్మెల్యే ఆమె. మన రాష్ట్రంలోనైతే, వారిని అనుమానితులుగా చూసి పేర్లు నమోదు చేయించే నిజాం కాలపు చట్టం 2023 జూలైలో హైకోర్టు కొట్టివేసే దాకా పుస్తకంలోనే ఉన్నది.

ఇంకొక చిత్రం. స్త్రీలు స్వేచ్ఛగా తిరిగే సమాజమని మనం మెచ్చుకునే నాగాలాండ్‌లో రాష్ట్రం ఏర్పడిన 1963 నుంచి 2023 దాకా ఒక్క మహిళా ఎమ్మెల్యే లేరు. పురపాలక సంఘాలలో మూడింట ఒక వంతు స్థానాలు స్త్రీలకు ఇస్తామన్నందుకు 2017లో అక్కడ అల్లర్లు జరిగాయి, చివరకు 2024లో గానీ ఆ ఎన్నికలు జరగలేదు. వీధిలో ఉన్న ఉదారత సభలో లేదు, ఇంకొక చోట సభలో ఉన్నది వీధిలో లేదు. ఏ ఒక్క పటం మీద ఈ రెండింటికీ ఒకే రంగు వేయలేం.

వేదిక నిర్వాహకుడు | సోమవారం, మధ్యాహ్నం 12:10

ఒక సభ్యుడు ఇప్పటి పార్టీల నాయకులను తిడుతూ పెట్టిన రెండు వ్యాఖ్యలను తొలగించాము. చర్చ ప్రాంతాల గురించి సాగుతున్నది, అలాగే సాగనివ్వండి.

గోదావరిఖని పాత కార్మికుడు | సోమవారం, సాయంత్రం 5:25

మెట్‌పల్లి బిడ్డ రాసినది రెండుసార్లు చదివాను. నేను బాయిలో ఒకే టిఫిన్ అని రాశాను కదా, అది నిజం. కానీ షిఫ్టు దిగి క్వార్టర్‌కు వచ్చిన తరువాత పెండ్లి సంబంధం దగ్గర ఆ టిఫిన్ గుర్తుకు రాలేదన్నది కూడా నిజం. మా యూనియన్ నాయకులలో కులాంతర వివాహం చేసుకున్న వారిని ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నేను ఆ వేళ్లలో లేను. అయినా సంఘం లేకపోతే ఆ మాత్రం కూడా ఉండేది కాదన్న నా మాట మీద నేను నిలబడతాను.

జగిత్యాల వకీలు | సోమవారం, సాయంత్రం 6:40

పెండ్లి అన్నారు కనుక చెబుతాను. అమెరికాకు చెందిన ప్యూ పరిశోధన సంస్థ 2021లో ప్రకటించిన పెద్ద సర్వేలో, తమ కులం ఆడపిల్లలు వేరే కులం వారిని చేసుకోకుండా ఆపడం చాలా ముఖ్యమని దేశంలో 64 శాతం మంది చెప్పారు. దక్షిణాదిలో ఆ సంఖ్య తక్కువ. అయినా పురోహితుడు లేని ఆత్మగౌరవ వివాహాలకు 1967లోనే చట్టబద్ధత ఇచ్చిన తమిళనాడులో పరువు హత్యలు ఆగలేదు, 2018లో మిర్యాలగూడలో ఏం జరిగిందో మన అందరికీ తెలుసు. నాకు జిల్లాల జాబితా తయారు చేసే పని అప్పగిస్తే ఎన్నికల సంఘం లెక్కలు పక్కన పెట్టి, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాలలో ప్రత్యేక వివాహ చట్టం కింద 30 రోజుల నోటీసు అతికించిన బోర్డుల దగ్గర నిలబడతాను. ఆ నోటీసు చూసి ఎవరు వస్తారు, పెండ్లి ఆపడానికా, సాక్షి సంతకం పెట్టడానికా అన్నది చూస్తే ఆ ఊరు ఏమిటో తెలుస్తుంది.

కాజీపేట పాఠకుడు | సోమవారం, రాత్రి 9:50

అందరికీ కృతజ్ఞతలు. పాత వరంగల్ పేరు వెనక్కు తీసుకుంటున్నాను అనను కానీ, నిన్నటి ధీమా మాత్రం లేదు. అధ్యాపకురాలు గారు అద్దె ఇండ్ల సంగతి ఎత్తినప్పటి నుంచి మనసులో ఒకటి గుచ్చుతున్నది. నాకు నయీంనగర్‌లో రెండు పోర్షన్ల ఇల్లు ఉన్నది. టులెట్ బోర్డు చూసి వచ్చిన వారిని నేను పేరు తరువాత అడిగే రెండవ మాట ఇంటి పేరు. అది దేనికి అడుగుతామో అడిగే వారికీ తెలుసు, చెప్పే వారికీ తెలుసు. గత ఏడాది ఒక యువ జంటకు, పోర్షన్ ఖాళీగానే ఉండగా, నిన్ననే ఇచ్చేశామని చెప్పాను. ఆ రోజు సాయంత్రం ఐలమ్మ వర్ధంతి సభకు కూడా వెళ్లాను.

హన్మకొండ అధ్యాపకురాలు | సోమవారం, రాత్రి 10:15

పాఠకుడు గారూ, ఆ పోర్షన్ ఇప్పుడు ఖాళీగా ఉన్నదా? ఉట్నూరు వైపు నుంచి వచ్చిన నా పాత విద్యార్థి ఒకరు, కొలాం ఆదివాసీ కుటుంబం నుంచి పరిశోధన దాకా వచ్చిన మొదటి మనిషి, భార్యతో ఉండటానికి మూడు వారాలుగా విశ్వవిద్యాలయం చుట్టుపక్కల ఇల్లు వెతుకుతున్నారు.

కాజీపేట పాఠకుడు | సోమవారం, రాత్రి 11:05

ఖాళీగానే ఉన్నదండీ. అద్దె 7,500, మంచినీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. ఇంట్లో ఒక మాట అడిగి రేపు ఉదయం చెబుతాను.